ఏడో లైను

ఆ ఏడు ఎవరిదో అత్తగారే తేల్చి చెప్పింది.

"ఇది మావాడి ఏడే అమ్మాయ్," అంది కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, జిరాక్సు కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి. "రెండో క్లాసులో టీచరు వీపు మీద నాలుగు తగిలించినా మానలేదు. కింద కొక్కెం పెడితేగాని వాడికి ఏడు ఏడులా కనిపించదు. ఏం, ఎందుకూ?"

ఎందుకో పెద్దపాప చెప్పలేదు. నలభై నాలుగేళ్ళొచ్చినా ఇంటా బయటా ఆమె పెద్దపాపే. పుట్టింటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు పాకి పాకి ఆమె పనిచేసే క్షిపణి డిజైను ఆఫీసు దాకా వచ్చేసింది.

టేబులుకి అటువైపు ఆమె మొగుడు కాఫీ తాగుతున్నాడు. అదే ఆఫీసులో ట్రయల్స్ విభాగానికి చీఫ్. ఇంట్లో కూడా చీఫే, కన్నతల్లి తప్ప అందరూ అలాగే పిలుస్తారు. అతను కప్పుని చాలా నెమ్మదిగా కింద పెట్టాడు.

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళి మందులు వేసుకో."

"వేసుకున్నాను."

"వేసుకున్నావో లేదో ఇంకోసారి చూసుకో."

అత్తగారు కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. తాను ఎవరి కొంపో ముంచానని ఆవిడకి అర్థమైంది. అది ఎవరి కొంపో మాత్రం అర్థం కాలేదు. కాగితాన్ని టేబులు మీద పెట్టి, అరచేత్తో ఓసారి సాపు చేసి, లోపలికి వెళ్ళిపోయింది.

అరచేయంత చీటీకి తీసిన నకలు అది. ఆఫీసులో దాన్ని మార్పు చీటీ అంటారు. డిజైనులో చిన్న మరమేకు మార్చాలన్నా చీటీ రాయాలి. కింద రెండు సంతకాలుండాలి, ఒకటి లెక్క కట్టినవాళ్ళది, రెండోది ట్రయల్స్ చీఫ్‌ది. ఈ చీటీ మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. 'పైలట్ కార్డులో 7వ లైను తీసివేయడమైనది.' కింద మొదటి సంతకం పెద్దపాపదే, అందులో అనుమానం లేదు. పై వాక్యం మాత్రం ఆమె రాయలేదు. నిన్న సాయంత్రం రికార్డుల గుమాస్తా అలవాటు కొద్దీ నెలాఖరు రిజిస్టరు తెచ్చి ముందు పెట్టేదాకా అలాంటి చీటీ ఒకటుందనే ఆమెకు తెలియదు.

"ఎప్పుడు రాశారు?"

"ఏది?"

"ఏమండీ, నాతో ఆటలొద్దు."

చీఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ట్రయల్ రోజు పొద్దున, ఏడున్నరకి."

"నాకు ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా."

"చేస్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"మరి?"



ఎగిరేముందు పైలట్ చేతికిచ్చే జాగ్రత్తల కార్డులో ఆ ఏడో లైను పెద్దపాప నాలుగు నెలల కష్టం. 'గంటకు డెబ్బై కిలోమీటర్ల లోపు వేగంలో విడవరాదు' అని అందులో ఉంటుంది. హెలికాప్టర్ ముందుకు పరిగెడుతున్నప్పుడు దాని రెక్కల గాలి వెనక్కి పోతుంది. గాల్లో నిలబడిపోయిందంటే ఆ గాలి మొత్తం నిటారుగా కిందికి దిగి, పక్కన వేలాడుతున్న క్షిపణి తోక మీద పడుతుంది. తోక కిందికి పోతుంది, ముక్కు పైకి లేస్తుంది. ముక్కుకి పైనున్నది ఆ హెలికాప్టరే.

మూడు వారాల కిందట సరిగ్గా అదే జరిగింది. అప్పుడు విడిచింది ఇంజనూ మందుగుండూ లేని డమ్మీ, బరువు మాత్రం అసలుదానిది. కొక్కెం వదలగానే ముక్కు ఎత్తి హెలికాప్టర్ చక్రాన్ని గుద్దింది. పైలట్ దాన్ని ఎలాగో ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చి ఇసుకలో పడేశాడు. వెనక సీట్లో ఉన్న కో-పైలట్‌కి గీత కూడా పడలేదు. పైలట్‌కి వెన్నుపూస చిట్లింది. ఆ పైలట్ పెద్దపాపకి సొంత చెల్లెలి భర్త.

ఈ మూడు వారాలూ పెద్దపాప అతన్నే తిట్టుకుంది. అంత స్పష్టంగా రాసిన లైను చూసుకోకుండా ఎగిరాడని, తన లెక్కకి తలవంపులు తెచ్చాడని.

"ఆ రోజు నావికాదళం వాళ్ళు ఎనిమిది మంది కుర్చీలేసుకుని కూర్చున్నారు," అన్నాడు చీఫ్. "వాళ్ళకి కావలసింది నిలబడి విడిచే క్షిపణి. నీళ్ళ మీంచి లేవాలి, ఆగాలి, విడవాలి, శత్రువు ఓడ చూసేలోపు కిందికి దిగిపోవాలి. పరిగెత్తుతూ విడిచేది వాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది. అదే ఇంకోటి చేసి పెడితే మనకి దండేసి దణ్ణం పెడతారా?"

"అందుకని లైను కొట్టేస్తే గాలి వీచడం మానేస్తుందా?"

"నీ లెక్కల్లో ఎప్పుడూ సగం భయమే ఉంటుంది. విండ్ టన్నెల్లో నమూనాని ఇరవైసార్లు విడిస్తే పంతొమ్మిదిసార్లు బాగానే పడింది. ఆ మాట నువ్వే చెప్పావు."

"ఇరవయ్యోది మరిది మీద పడింది."

"అతనే ఒప్పుకున్నాడుగా! విడిచేటప్పుడు చెయ్యి కుదిపానని సొంత దస్తూరీతో రాసిచ్చాడు. మెడ మీద కత్తి పెట్టి రాయించానా నేను?"

అదే పెద్దపాపకి కొరుకుడు పడడం లేదు. ఆ మనిషి నిండు గ్లాసు పట్టుకుని మెట్లెక్కినా చుక్క ఒలకదు. అలాంటివాడు చెయ్యి కుదపడమేమిటి, కుదిపానని తనకు తానే రాసివ్వడమేమిటి?

"ఎందుకు రాసిచ్చారు ఆయన?"

చీఫ్ గడియారం చూసుకున్నాడు. "ప్రమాదాన్ని విచారిస్తున్న కమిటీ నాలుగింటికి రిపోర్టు మీద సంతకాలు పెడుతుంది. దాంతో అంతా సద్దుమణుగుతుంది. పదకొండేళ్ళ పని ఇది. నీదీ నాదీ కూడా. ఇవాళ సెలవు పెట్టు. ఇంట్లోనే ఉండు."

"నా సంతకం..." ఆమె కాగితాన్ని అతని ముందుకి జరిపింది. "నా సంతకం పైన మీరెలా రాశారండీ?"

"నువ్వే ఇచ్చావు," అన్నాడు చీఫ్, బూట్లు వేసుకుంటూ. "ఖాళీ చీటీ మీద సంతకం పెట్టి నా చేతిలో పెట్టింది నువ్వే."

ఆ మాట నిజమే. ఇందులో పెద్దపాప తప్పు లేదని ఎవరూ అనలేరు. ట్రయల్స్ జరిగే రేంజి ఊరికి మూడు గంటల దూరంలో, సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ గంటకో మార్పు వస్తుంది. తీగ పొడుగైందనో, మరమేకు బిగుసుకుందనో ప్రతిదానికీ ఆమె సంతకం కోసం కారు పంపిస్తే సాయంత్రం దాకా హెలికాప్టర్ లేవదు. అందుకని మొగుడికి క్యారేజీ కట్టే వేళకి ఈవిడ ఖాళీ చీటీల మీద సంతకాలు చేసి, వాటికి రబ్బరు బ్యాండు వేసి, అతని సంచీలో పెట్టేది. ఏం రాశాడో అతను ఫోన్లో చెప్పేవాడు, ఆమె తన పుస్తకంలో ఎక్కించుకునేది. ఆరేళ్ళుగా అలాగే నడిచింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఇంక దాపరికమేముంటుందని ఆమె ధీమా. ఆ ఆరేళ్ళలో అతను ఫోన్ చెయ్యని చీటీ ఇదొక్కటే.

ఇదొక్కటేనా? 

చీఫ్ వెళ్ళిపోయాడు. పెద్దపాపకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి తన పేరుని జేబురుమాలులా వాడుకుని మడతపెట్టేశాడు. పైగా నువ్వే ఇచ్చావంటున్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంది.

* * *

చెల్లెలు చిన్నపాప తలుపు తీసింది గానీ గుమ్మానికి అడ్డం తప్పుకోలేదు.

"ఏం, దారి తప్పావా?"

"లోపలికి రానీవే."

"మూడు వారాలైంది. ఆస్పత్రికి ఒకే ఒక్క రోజు వచ్చావు. మంచం దాకా కూడా రాలేదు. వరండాలో నిలబడి నాతో ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. 'ఏడో లైను కళ్ళకి కనిపించలేదా మీ ఆయనకి?' అంది. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు.

"నువ్వే కొట్టేసి, నువ్వే కనిపించలేదా అని అడుగుతావా?" అంది చిన్నపాప. "నోరెలా వచ్చిందక్కా నీకు?"

"నేను కొట్టెయ్యలేదు."

"పోనీ నేను కొట్టేశానా?"

లోపల్నుంచి పైలట్ గొంతు వినిపించింది. "ఎవరొచ్చారూ?"

"ఎవరూ రాలేదు," అంది చిన్నపాప, అక్క మొహంలోకి సూటిగా చూస్తూ.

"వదిన గొంతులా ఉందే. రమ్మను."

చిన్నపాప పక్కకి జరిగింది. మనసులో మాత్రం జరగలేదని ఆమె నిలబడిన తీరే చెప్తోంది.

ముందు గదిలో చెక్క మంచం మీద పైలట్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చంకల దగ్గర్నుంచి నడుము దాకా గట్టి పట్టీ బిగించారు. తల తిప్పడానికి లేదు. అందుకని పాత స్కూటరు అద్దం ఒకటి మంచం కడ్డీకి కట్టించుకున్నాడు, వచ్చేవాళ్ళని అందులోంచి చూస్తాడు. పెద్దపాపకీ ముందు ఆ అద్దంలోనే అతని మొహం కనిపించింది. బాగా చిక్కిపోయాడు.

"రండి వదినా. మంచం నడుపుతున్నాను, చూశారా? హారన్ ఒక్కటే తక్కువ."

ఆమె నవ్వలేకపోయింది. అద్దంలో అతనికి కనిపించేలా స్టూలు ముందుకు లాక్కుని కూర్చుంది.

"మరిదిగారూ, ఒక్కటే అడుగుతాను. మీరు చెయ్యి కుదిపారా?"

"కాగితం మీద రాశాను కదా."

"నేను కాగితం సంగతి అడగడం లేదు."

పైలట్ పైకప్పు వంక చూశాడు. 

"కుదపలేదు!" అంది చిన్నపాప గుమ్మం దగ్గర్నుంచి. "ఏం, తెలియనట్టు అడుగుతున్నావు? నీ కోసమే రాసిచ్చారు. ఆపరేషనైన రెండో రోజు బావ వచ్చాడు. కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చుని ఏడ్చాడు. 'మీ అక్క తొందర్లో లైను కొట్టేసింది, బయటపడితే దాని ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, జైల్లో పెడతారు. పైలట్ చెయ్యి కుదిపాడంటే ఆర్నెల్లు ఎగరనివ్వరు, అంతే. తర్వాత నేను చూసుకుంటాను' అన్నాడు. ఈయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదక్కా. పెన్ను ఇమ్మన్నారు. పడుకునే రాశారు, ఆ పెన్ను సరిగా పారలేదు, నేనే ఇంకోటి తెచ్చిచ్చాను."

"చిన్నపాపా..."

"ఆగు. మొన్న తెలిసింది, ఆర్నెల్లు కాదట. ఇంకెప్పుడూ ఎగరనివ్వరట. పంతొమ్మిదేళ్ళు ఎగిరిన మనిషి! రిపోర్టులో అలా రాస్తున్నారు, 'చేతిలో నిలకడ లేదు' అని. ఇంత చేస్తే నువ్వు ఒక్కసారి, ఒక్కసారి వచ్చి ఆ మంచం పక్కన కూర్చోలేకపోయావు."

పెద్దపాప సంచీలోంచి నకలు తీసింది. దాన్ని చెల్లెలికిచ్చింది.

"ఈ సంతకం నాది. పైన రాసింది నేను కాదు. ఖాళీ చీటీ మీద చేసిన సంతకం అది. లైను కొట్టేశారని నిన్నటిదాకా నాకు తెలియనే తెలియదు."

చిన్నపాప కాగితం వైపు చూసింది. "మరి రాసిందెవరు?"

"మీ బావ."

చిన్నపాప నెమ్మదిగా గుమ్మానికి చేరబడి, అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఏడ్చాడక్కా," అంది. "నిజంగా కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. వీపు రాశాను."

పైలట్ పైకప్పు మీంచి చూపు తిప్పలేదు. అలాగే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు కార్డు నా చేతికిచ్చినప్పుడే చూశాను వదినా. ఆరు తర్వాత ఎనిమిది ఉంది. హెలికాప్టర్ ఎక్కేముందు అన్నయ్యగారిని అడిగాను, ఏడేదండీ, వదిన చూసిందా అని. జేబులోంచి చీటీ తీసి చూపించారు. మీ సంతకం ఉంది. ఇంక నేను రెండో మాట అడగలేదు."

"అడగాల్సింది."

"ఎందుకడుగుతాను? ఆ సంతకం ఉందంటే మీరు లెక్క కట్టారన్నమాటే. పదకొండేళ్ళుగా దాన్ని నమ్మే కదా ఎగురుతున్నాను."

మొగుడు చేసింది ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. పొద్దుట్నుంచీ తనకు జరిగిన ద్రోహం గురించే కుమిలిపోతున్న పెద్దపాపకి, తను చేసిన ద్రోహం అప్పుడు కనిపించింది. లెక్క కట్టకుండా, చదవకుండా, ఏం రాస్తారో తెలియకుండా సంతకం చేసి ఇచ్చింది. ఆ సంతకాన్ని నమ్మి ఈ మనిషి గాల్లోకి లేచాడు.

"నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు," అంది.

"ఆ సంగతి తర్వాత చూద్దాం." పైలట్ అద్దంలోంచి ఆమె కళ్ళలోకి చూశాడు. "ఎల్లుండి సంగతి ముందు చూడండి."

"ఎల్లుండి ఏమిటి?"

"మీకు చెప్పలేదా?"

ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. విచారణ పూర్తయ్యేదాకా ట్రయల్ కాగితాలు ఆమె టేబులు మీదికి రానివ్వడం లేదు. అది పద్ధతి అని చీఫే చెప్పాడు.

"ఎల్లుండి ఇంజనుతో విడుస్తున్నారు. నా వెనక సీటువాడు ఈసారి ముందు సీట్లో. నిన్న ఇక్కడికొచ్చి సంబరంగా చెప్పాడు. 'చెయ్యి కుదపకుండా ఉంటే చాలు కదా గురూగారూ' అన్నాడు." పైలట్ పెదవి కొరుక్కున్నాడు. "అదే కార్డు వదినా. నేను చెయ్యి కుదిపానని రాశాను కాబట్టి, లైను లేకపోయినా పర్వాలేదని కమిటీ తేల్చుకుంది. నిజం చెప్తే మీరు జైలుకి పోతారు, చెప్పకపోతే వాడు పోతాడు. నిన్నటి నుంచీ కొట్టుకుంటున్నాను. ఇవాళ పొద్దున వాడికి ఫోన్ చేశాను. అప్పటికే వాళ్ళని రేంజికి తీసుకెళ్ళిపోయారు. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు."

పెద్దపాపకి లెక్క కట్టడానికి కాగితం అక్కర్లేదు. డమ్మీ గుద్ది ఊరుకుంది. అసలుది విడిచిన సెకనుకి ఇంజను వెలిగించుకుంటుంది. అప్పటికి ముక్కు పైకి లేచి ఉంటే అది పోయేది ఓడ మీదికి కాదు.

"మళ్ళీ అలాగే అయితే ఏమవుతుంది?" అని అడిగింది చిన్నపాప.



పెద్దపాప ఫోన్ తీసింది. పదకొండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది, సంతకాలు నాలుగింటికి. చీఫ్‌కి చెయ్యలేదు, నేరుగా కమిటీ పెద్దాయనకే చేసింది. నెమ్మదస్తుడనీ, ఎవరి మాటైనా చివరిదాకా వింటాడనీ అతనికి పేరు.

"చెప్పండమ్మా."

ఆమె చెప్పేసింది. ఎక్కడా తడబడలేదు. ఖాళీ చీటీల అలవాటు, ఆరేళ్ళు, రబ్బరు బ్యాండుతో సహా. సంతకం నాది, రాత నాది కాదు, ఏడో లైను ఉండి తీరాలి, నా ఉద్యోగం ఏమైనా ఫర్వాలేదు, ఎల్లుండి ట్రయల్ ఆపండి అని. చెప్పేశాక గుండెల మీంచి బరువు దించినట్టయింది. గుమ్మం దగ్గర చిన్నపాప లేచి నిలబడి, మూడు వారాల తర్వాత మొదటిసారి అక్క భుజం మీద చెయ్యి వేసింది.

అవతల పెద్దాయన అడిగాడు.

"మీరిప్పుడు ఎక్కడున్నారమ్మా?"

"మా చెల్లెలింట్లో."

"ఊఁ. అనుకున్నాను."

తర్వాత అతను చాలా దయగా, బుజ్జగిస్తున్నట్టుగా మాట్లాడాడు. ఆమె మధ్యలో రెండుసార్లు "కాదు సార్" అంది, ఒకసారి "నేను చెప్పేది నిజం సార్" అంది. అటువైపు ఫోన్ పెట్టేశాక కూడా ఆమె దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.

"ఏమన్నారక్కా? ఆపుతారటా?"

పెద్దపాప ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆపరట. నీ కాపురం కోసం ఇవాళ నేను ఇక్కడికొచ్చి, ఇక్కడ్నుంచే ఫోన్ చేసి, చీటీ ఖాళీగా ఇచ్చానని అబద్ధం చెప్తానని మీ బావ పొద్దున్నే వాళ్ళందరికీ చెప్పి ఉంచారట. పాపం, దాని మాట పట్టించుకోకండి, దాన్నేమీ అనకండి అని కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారట."